మెర్ల్ వేలు, రెండు పౌన్ల ట్రిగ్గర్

సాల్మన్, ఐడహో
1966 జూన్ 12

లీలండ్ అన్నయ్యకి,

నీ కిందటి ఉత్తరం మూడు పేజీల్లో రెండున్నర దోమల గురించే ఉంది. మిగతా అరపేజీ ఆ బంగారు గనిలో మీ వంటవాడిని తిట్టడానికి సరిపోయింది. వెర్నా ఎలా ఉందని ఒక్క ముక్క అడిగావా? అడగకపోయినా చెబుతాను, బాగానే ఉన్నాను.

మా ఆయన సంగతే బాగాలేదు. ఏప్రిల్లో మెర్ల్ తన తుపాకీ అమ్మేశాడు. నాతో మాటవరసకైనా అనలేదు. గోడ మీద మేకులు ఖాళీగా కనిపిస్తే నేనే అడిగాను. "కళ్ళు మసకలేస్తున్నాయిలే, ఇంకేం వేట" అన్నాడు. ఎదురు కొండ మీద ఎల్క్ దుప్పి నిలబడితే దాని కొమ్ములు ఎన్ని చీలికలో చెప్పే మనిషి ఇతను. కళ్ళట, కళ్ళు. అప్పటినుంచి చెట్లు కొట్టే పని నుంచి వచ్చి, బూట్లు విప్పుకుని, గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. కదిలిస్తే కసురుకుంటాడు. ఇతను ఇలా మాట లేకుండా ఎండిపోతుంటే చూడడం నాకు భయంగా ఉంది.

అందుకని ఒక పని మొదలుపెట్టాను. నవ్వకు. తుపాకీ తయారుచేస్తున్నాను. మా ఊరి హార్డ్‌వేర్ కొట్టులో పాత యుద్ధపు జర్మన్ తుపాకులు పీపాలో గొడుగుల్లా నిలబెట్టి అమ్ముతున్నారు. ఒకటి తెచ్చాను. దాని గొట్టం తుప్పు, కర్ర పుచ్చు. తూటాని గొట్టంలోకి తోసి మూసే బోల్టూ, అది కూర్చునే ఇనుప పెట్టె మాత్రం నిన్న చేసినట్టున్నాయి. ఆ రెండూ ఉంచుకుని మిగతావన్నీ కొత్తగా పెట్టుకోవాలి. గొట్టం ఏది తీసుకోను? ఎంత బరువుండాలి? అన్నిటికన్నా ముఖ్యం, ట్రిగ్గర్ ఏది? దాంతో వచ్చిన ట్రిగ్గర్ ఎంత గట్టిదంటే, వేసవిలో లాగితే క్రిస్మస్‌కి పేలేట్టుంది.

అక్టోబరులో వేట మొదలయ్యేసరికి సిద్ధం కావాలి. జవాబు నా పేరు మీద, తుపాకులు బాగుచేసే ఎమెట్ దుకాణానికి రాయి. గొట్టం బిగించి కొలతలు చూసేది ఆయనే. మెర్ల్‌కి ఇంకా తెలియదు.

నీ చెల్లెలు
వెర్నా


గనుల శిబిరం, కస్కోక్విమ్ నది పైభాగం, అలాస్కా
1966 జులై 3

వెర్నా,

నువ్వెలా ఉన్నావని అడగడం మరిచిపోయాను. ఎలా ఉన్నావు? అయింది. ఇక దోమల విషయానికి వస్తే, ఇవాళ ఒకటి నా టోపీ ఎత్తుకుపోబోయింది, చివరి నిమిషంలో పట్టుకున్నాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇంజన్లు బాగుచేసి బాగుచేసి గ్రీజు తప్ప వేరే వాసన మరిచిపోయిన మనిషికి ఇలాంటి ఉత్తరం పండగలాంటిది. సరే, విను. సన్నని గొట్టం జోలికి పోకు. మోయడానికి హాయిగా ఉంటుంది కానీ కొండెక్కి వగరుస్తూ ఆగినప్పుడు గాలికి ఊగే రెల్లులా ఊగుతుంది. మధ్యరకం తీసుకో. తూటా థర్టీ ఆట్ సిక్స్ రకం. మీ ఊళ్ళో చేపల గాలాలమ్మే కొట్లో కూడా అదే దొరుకుతుంది. గొట్టం ఎమెట్ చేతే బిగించు. బోల్టుకీ తూటాకీ మధ్య సందు ఎంతుండాలో కొలిచే కడ్డీలు ఆయన దగ్గరుంటాయి. కంటితో చూసి బాగానే ఉందనేసుకునే పని కాదది. కర్ర వాల్‌నట్‌ది కొని నువ్వే నున్నగా తోముకో, నీకు ఓపిక ఎక్కువ.

ఇక ట్రిగ్గర్. నీకు గుర్తుందా, చర్చి పిక్నిక్కులో సీసాలు కాల్చే పందెం? మగవాళ్ళందరి సీసాలూ నిలబడే ఉన్నాయి, నీవి మాత్రం ఒక్కటీ మిగల్లేదు. నీది సూదిలో దారం ఎక్కించే చేయి. దానికి బరువైన ట్రిగ్గర్ ఎందుకు? నా పెట్టెలో మంచిది ఒకటుంది, గురిపందేల కోసం దాచుకున్నది. రెండు పౌన్ల బరువుకే కదిలేట్టు నేనే సవరించి పంపుతున్నాను. వేలు ఆనించి తలచుకుంటే చాలు, పేలుతుంది. నీ చేతికి అంతకన్నా ఎక్కువ వద్దు.

మెర్ల్ సంగతి పట్టించుకోకు. నలభై దాటిన మగవాడు ఏడాదికోసారి అలా మూతి ముడుచుకుంటాడు. నువ్వు ఎల్క్‌ని కొట్టి తెచ్చి వాకిట్లో పడేస్తే దానంతటదే విప్పుకుంటుంది.

లీలండ్


సాల్మన్
1966 ఆగస్టు 14

అన్నయ్యకి,

నువ్వు పంపిన డబ్బా అందింది. అది ఎమెట్ దుకాణానికి వస్తే బాగుండేది. నా పేరు కింద ఇంటి చిరునామా రాసి పంపావు. పోస్టుమాన్ దాన్ని తెచ్చి సరాసరి మెర్ల్ చేతిలో పెట్టాడు. ఇంకేముంది, గ్యారేజీలో నేను దాచిన కర్రా గొట్టమూ అన్నీ బయటపడ్డాయి.

అతనికి తోచిన అర్థమేమిటో తెలుసా? నువ్వు నీ కోసం నా చేత తుపాకీ చేయించుకుంటున్నావని. "మీ అన్నకి అలాస్కాలో మనుషులు దొరకలేదా, మా ఇంట్లో ఆడమనిషే దొరికిందా?" అని రెండు రోజులు సణిగాడు. నువ్వెప్పుడో మా పెళ్ళిలో అడవిలో చెట్లు కొట్టడం ఎద్దు చేసే పని అన్నావట. నాకు గుర్తులేదు. అతనికి బాగా గుర్తుంది. నేను ఔననలేదు, కాదనలేదు. ఊరుకున్నాను. నీ మీద కోపం ఉన్నంతసేపైనా మనిషి మాట్లాడుతున్నాడు కదా.

గొట్టం ఎమెట్ బిగించి, సందు కొలిచి, సరిగ్గా ఉందన్నాడు. వాల్‌నట్ కర్ర నెల రోజులుగా తోముతున్నాను, నా అరచేతులు చూస్తే నేనూ చెట్లు కొడతాననుకుంటారు. నీ ట్రిగ్గర్ పెట్టి చూశాను. అబ్బ, వెన్నలా ఉంది. మా పాతదాన్ని కాఫీ డబ్బాలో పడేశాను.

ఇప్పుడు అసలు మాట. నాకోసం అని నేను నీకు రాయలేదు. నువ్వే అనుకున్నావు, నేను సరిదిద్దలేదు. ఇది మెర్ల్‌కి.

అతని కళ్ళకేమీ కాలేదు అన్నయ్యా. చేతులు. ఇరవై ఏళ్ళు అదురుతూ ఉండే మోటారు రంపం పట్టుకున్న చేతులు. చలి తగిలితే వేళ్ళు రెండో కణుపు దాకా కొవ్వొత్తుల్లా తెల్లబడతాయి. గుండీ పెట్టుకోవడానికి అవస్థ పడుతుంటే తలుపు సందులోంచి చూశాను, ఇంకో గదిలోకి వెళ్ళిపోయాను. అడవిలో వాళ్ళు చేతుల గురించి మాట్లాడుకోరు. మాట బయటికొస్తే ఫోర్‌మన్ రంపం తీసుకుని చీపురు చేతికిస్తాడు. పోయిన నవంబరులో నేను కూడా వెంట ఉన్నాను. మంచి ఎల్క్, అంత దగ్గర. గురిపెట్టాడు, ఆగాడు, ఆగాడు, అది నడుచుకుంటూ వెళ్ళిపోయింది. "ఆడదేమో అనిపించింది" అన్నాడు. దాని నెత్తిన ఇంతేసి కొమ్ములున్నాయి. ఆ గట్టి ట్రిగ్గర్ లాగడానికి వేలిలో సత్తువ లేదని నాకప్పుడు అర్థమైంది.

అందుకే నీ ట్రిగ్గర్ చూసి నా ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలికైతే ఆ వేలితోనూ లాగగలడు. వేట మొదలయ్యే ముందు అతని పుట్టినరోజు వస్తుంది, అప్పుడు ఇస్తాను. ఈ మాటలు నీతోనే ఉండనీ. అతనికి తెలిసిందంటే నన్ను క్షమించడు.

వెర్నా


శిబిరం
1966 ఆగస్టు 29

వెర్నా,

ఇవ్వకు.

ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకు, ఇచ్చి ఉంటే ఈ ఉత్తరం చేతిలో ఉండగానే వెళ్ళి తీసుకో. నేను రెండు పౌన్లకి సవరించింది నీ వేలి కోసం. నీ వేలు ట్రిగ్గర్‌కి తగిలిందని నీకు తెలుస్తుంది. మెర్ల్ వేలికి తెలియదు. నవంబరులో అతను కాల్చనిది సత్తువ లేక కాదేమో. ట్రిగ్గర్ ఎక్కడుందో తెలియక. ఇక్కడ చలిలో చేతులు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. వాళ్ళు కప్పు పట్టుకున్నామనుకుంటారు, కప్పు కింద పగిలి ఉంటుంది.

అలాంటి వేలికి తేలిక ట్రిగ్గర్ ఇస్తే అది ఎప్పుడు పేలుతుందో అతనికే తెలియదు. గొట్టం ముందు నువ్వుండవచ్చు. నువ్వు అతని వెంటే నడుస్తావని నాకు తెలుసు.

కాఫీ డబ్బాలో పడేసిన పాత ట్రిగ్గర్ బయటికి తియ్యి. బరువైనదెందుకని నేనే దాన్ని తీసిపారేశాను, బుద్ధి తక్కువై. అది మంచులో మందపాటి చేతితొడుగులు వేసుకున్న సైనికుల కోసం చేసింది. ముందు కొంతదూరం ఊరికే వస్తుంది, తర్వాత గట్టిగా అడ్డుపడుతుంది, అప్పుడు గానీ పేలదు. ఎమెట్ చేత అదే పెట్టించు. దానితోనైనా అతను వేటాడవచ్చా లేదా అన్నది ఎమెట్ ఎదుట చల్లటి పొద్దున ఖాళీ తుపాకీతో చూడాలి. వెచ్చటి గ్యారేజీలో కాదు.

నువ్వు చేసిన పని తప్పని అనను. నేను అడగాల్సిన మాట అడగలేదు, ఎవరి చేతికి అని. వెంటనే జవాబు రాయి. రెండు ముక్కలు చాలు.

లీలండ్


సాల్మన్
1966 సెప్టెంబరు 14

లీలండ్‌కి,

నెల కావస్తోంది, నీ నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. నాకోసం అనుకున్నన్నాళ్ళూ పేజీల మీద పేజీలు రాశావు. మెర్ల్ కోసం అని తెలియగానే నోరు పడిపోయింది. ఎద్దు చేసే పని అన్నావో లేదో అని ఇన్నాళ్ళూ అనుమానం ఉండేది. ఇప్పుడు లేదు, అనే ఉంటావు.

నీ మౌనం నీ దగ్గరే ఉంచుకో. ఇక్కడ మా ఇల్లు వెలిగిపోతోంది. పుట్టినరోజు దాకా ఆగలేకపోయాను. ఆదివారం కాఫీ తాగుతుంటే తెచ్చి ఒళ్ళో పెట్టాను. "మీ అన్నకి పంపలేదా ఇంకా?" అన్నాడు. "మా అన్నకి కాదు" అన్నాను. చాలాసేపు కర్ర మీద చేత్తో నిమురుతూ ఉండిపోయాడు. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు నేను చూడడం ఇది రెండోసారి. మొదటిసారి కుక్క చచ్చిపోయినప్పుడు.

కంకర గుంట దగ్గరికి వెళ్ళి కాల్చి చూశాం. ఎండ కాస్తోంది, చొక్కా చేతులు మడుచుకున్నాడు. కాగితం మీద పడ్డ చిల్లులన్నీ కాఫీ సాసర్ కింద దాగిపోతాయి. "ఏం ట్రిగ్గరే ఇది, మనసులో అనుకుంటే వింటోంది" అన్నాడు. రోజూ పని నుంచి వచ్చి దాన్ని తుడవనిదే అన్నానికి కూర్చోవడం లేదు. మళ్ళీ జోకులు వేస్తున్నాడు, అన్నీ పాచివే. ఎప్పటిలాగే అక్టోబరులో పైకి వెళ్ళి గుడారం వేస్తాం.

ఇంత సంతోషం నీ ట్రిగ్గర్ వల్లే అని ఒప్పుకుంటాను, నువ్వు ఒక్క మంచిమాట రాయకపోయినా.

వెర్నా


శిబిరం
1966 సెప్టెంబరు 27

వెర్నా, చెల్లీ,

నేను రాశాను. ఆగస్టులోనే రాశాను. ఇవాళ నీ ఉత్తరం చదివి, టపా తెచ్చే విమానం పైలట్‌ని పట్టుకుని నిలదీస్తే తెలిసింది, ఆ వారం టపా సంచి కింది శిబిరంలో నూనె పీపాల వెనక మరిచిపోయాడట. ఇప్పుడు దారిలో తీసుకుపోతానన్నాడు. అది నీకెప్పుడు చేరుతుందో, ఇదెప్పుడు చేరుతుందో.

అందుకని అతను దగ్గర్లోని మెక్‌గ్రాత్ ఊళ్ళో దిగగానే నీకు టెలిగ్రాం ఇమ్మని చెప్పాను. అప్పటికే ఇంజను తిప్పుతున్నాడు, చేతితొడుగు మీద పట్టినన్ని మాటలే రాసుకున్నాడు. "తుపాకీ మెర్ల్‌కి ఇవ్వకు. కారణం ఉత్తరంలో. లీలండ్." అంతే. మొరటుగా ఉందని తెలుసు. విమానం లేచాక ఇంకా మంచి మాటలు తట్టాయి.

ఎండలో, కంకర గుంట దగ్గర పడ్డ చిల్లులు చూసి మోసపోకు. ఆ వేళ్ళు ఎండలో మంచివే. పొద్దున్నే గడ్డి తెల్లగా ఉన్నప్పుడు అవి వేరే వేళ్ళు.

నాకిక్కడ చెయ్యడానికేమీ లేదు. పొద్దుటినుంచి ఇంజనుకి ఒకే బోల్టు బిగించి విప్పుతున్నాను.

లీలండ్


సాల్మన్
1966 అక్టోబరు 1, మధ్యాహ్నం

అన్నయ్యా,

నీ ఆగస్టు ఉత్తరం గంట క్రితం వచ్చింది. టెలిగ్రాం గురువారమే వచ్చింది. రెంటికీ మధ్య మెర్ల్ వెళ్ళిపోయాడు.

తలుపు కొడితే అతనే తీశాడు. నా పేరు మీద వచ్చినా టెలిగ్రాం అంటే ఎవరైనా పోయారేమోనని కంగారుపడి విప్పాడు. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి అది టేబుల్ మీద కాఫీ కప్పు పక్కన ఉంది. "మీ అన్నకి నా చేతిలో తుపాకీ ఉండటం ఇష్టం లేదంట. నేనంత పనికిమాలినోడినని మీరిద్దరూ మాట్లాడుకున్నారన్నమాట" అన్నాడు. అలాంటిదేం కాదన్నాను. "మరి కారణమేంటో చెప్పు" అన్నాడు. నాకు మాత్రం ఏం తెలుసు? కారణం ఉత్తరంలో ఉందట, ఆ ఉత్తరం ఎక్కడుందో దేవుడికి తెలియాలి. నేను నీళ్ళు నమలడం చూసి, అంతా దాస్తున్నాననుకున్నాడు. నిన్న పొద్దున గుడారం, తుపాకీ ట్రక్కులో వేసుకుని ఒక్కడే పైకి పోయాడు. ఇన్నేళ్ళలో నన్ను వదిలి వేటకి వెళ్ళడం ఇదే మొదలు.

కొండ మీద రాత్రి మంచు పడింది. ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది.

ట్రక్కు అతను తీసుకుపోయాడు. ఎమెట్ జీపుకి గొలుసులు కట్టి తెస్తానన్నాడు, ఇంకా రాలేదు. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను. నీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను, ఎప్పుడు పేలుతుందో అతనికే తెలియదన్న చోట. కంచె దాటేటప్పుడు తుపాకీ ముందు అవతలికి పెడతాడు, తర్వాత తను దాటుతాడు. గొట్టం ఎటువైపుంటుందో ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు. ఆరు వారాలు తోమి, మెరిపించి, నా చేత్తో తెచ్చి ఆ మనిషి ఒళ్ళో పెట్టాను అన్నయ్యా.

జీపు చప్పుడు. వెళ్తున్నాను.


సాల్మన్
1966 అక్టోబరు 6

అన్నయ్యకి,

ముందు ఇది చదువు: బతికే ఉన్నాడు. ఒక్క గీత పడలేదు.

మేం వెళ్ళేసరికి గుడారం బయట నిప్పు దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. తుపాకీ దుంగకి ఆనించి ఉంది, దానికి బోల్టు లేదు. బోల్టు అతని కోటు జేబులో ఉంది. ఎమెట్ సంగతి గ్రహించి, కట్టెలు తెస్తానని దూరంగా వెళ్ళాడు. ఆ చోట కట్టెలకేం కొదవలేదు.

నీ ఉత్తరం తీసి ఇచ్చాను. చదివాడు. మడిచి తిరిగి ఇచ్చాడు.

"నాకు ముందే తెలుసు" అన్నాడు. "పొద్దున లేచేసరికి బకెట్లో నీళ్ళు గడ్డకట్టినయ్. రంపం ముట్టించే ముందు గొలుసు చూసుకుంటాం కదా, అట్లాగే తూటాలు పెట్టకముందు ఒకసారి చూద్దామనుకున్నా. ఎదురుగా గుట్ట కేసి పెట్టి గురి చూశా. వేలు ఇంకా పెట్టనే లేదనుకున్నా. టక్‌మంది."

నేను నిప్పు దగ్గర అతని పక్కన కూర్చున్నాను.

"మళ్ళీ చూశా. మళ్ళీ అంతే. దించి చూస్తే వేలు దాని మీదే ఉంది వెర్నా. నా వేలే, నా కళ్ళెదురుగానే. నాకు తెలీలేదు. బోల్టు ఊడబీకి జేబులో వేసుకున్నా."

నేను ఏడుపు మొదలుపెట్టాను. ఇదంతా నా వల్లే, ఆ ట్రిగ్గర్ నేనే పెట్టించాను, ఇంకోటి పెడదాం, పాతది దాచే ఉంచాను అని ఏదేదో వాగాను. అతను నా మాట మధ్యలోనే తల అడ్డంగా తిప్పాడు.

"తుపాకీది కాదు గోల" అన్నాడు. "రంపానికి కూడా ట్రిగ్గర్ ఉంటుంది కదే."

ఆ మాట అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది. తర్వాత చెప్పాడు. జులైలో ఒక రోజు పొద్దున, వాన పడి చల్లగా ఉందట. వేలు తీసేశాననుకుని రంపం పక్కకి తిప్పాడట. తియ్యలేదు. రంపం పళ్ళ గొలుసు తిరుగుతూనే ఉంది. జతగా పనిచేసే కుర్రాడు వెనక్కి దూకాడట. ఇద్దరూ నవ్వేసి, సిగరెట్టు కాల్చుకుని, పనిలోకి వెళ్ళిపోయారట. "అప్పుడు నిజంగానే నవ్వొచ్చింది. ఇయాల పొద్దున్నుంచి అదే కళ్ళ ముందు ఆడతంది" అన్నాడు.

అన్నయ్యా, వేసవంతా నువ్వూ నేనూ పౌన్లు తూచుకుంటూ ఉత్తరాలు రాసుకున్నాం. ఏడాదిలో పది రోజులు పట్టుకునే తుపాకీ గురించి అంత బెంగపడ్డాం. ఏడాది పొడుగునా రోజంతా ఆ చేతుల్లో తిరిగే రంపం గురించి నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. అతను గుండీ పెట్టుకోలేకపోతుంటే చూసి, పక్కగదిలోకి వెళ్ళిపోయిన మనిషిని. అతని పరువు కాపాడుతున్నాననుకున్నాను.

ఆ చేతులు నా చేతుల్లోకి తీసుకున్నాను. ఇన్నాళ్ళలో మొదటిసారి లాక్కోలేదు. చల్లగా, బరువుగా, ఎవరివో చేతుల్లా ఉన్నాయి. తెలుస్తోందా అని అడిగాను. "బొటనవేలు తెలుస్తోంది" అన్నాడు.

సోమవారం రంపం తీసుకెళ్ళి ఫోర్‌మన్‌కి ఇచ్చేశాడు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. ఇంటికొచ్చి భోంచేసి, తొందరగా పడుకున్నాడు. నేను పడుకోలేదు. వేటకి ఈసారి నేనే తుపాకీ మోస్తాను, నీ ట్రిగ్గర్ నాకు సరిపోతుంది. అతను జంతువుని చూసి చెబుతాడు, నేను కాలుస్తాను. చలికాలం మాంసానికి ఆ ఏర్పాటు చాలు. మిగతా బతుక్కి ఏ ఏర్పాటూ లేదు. నాకు చాలా భయంగా ఉంది, నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను.

ట్రిగ్గర్ల గురించి నిన్ను ఇక అడగను. ఒకటే అడుగుతాను. నలభై ఆరేళ్ళ మనిషి, అడవి తప్ప ఏమీ ఎరగనివాడు, పొద్దున పూట బొటనవేళ్ళు తప్ప పనిచెయ్యనివాడు, ఏ పని చేసుకోవచ్చు? నువ్వు చలిలో చేతులు పోగొట్టుకున్నవాళ్ళని చూశానన్నావు. వాళ్ళిప్పుడేం చేస్తున్నారో కనుక్కో. జవాబు నాకు రాయకు, అన్నయ్యా. మెర్ల్‌కి రాయి.

వెర్నా